ఏడో గుణకారం

లెక్కల మాస్టరుకు లెక్కలకన్నా ముందు పిల్లల మనసు తెలియాలని శిక్షణ తరగతుల్లో చెప్తారు. నమ్మకండి. ముందు లెక్కలే తెలియాలి. నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు పిల్లల మనసు తెలియక చేసింది కాదు. ఒక సంఖ్యను సగమే తెలుసుకుని, మొత్తం తెలుసనుకోవడం వల్ల చేసింది.

భూపాలపల్లి జిల్లా రేగొండలో నా చివరి ఏడాది నడుస్తుండగా స్రవంతి అనే కొత్త టీచరు చేరింది. లెక్కల మనిషే. ఒకరోజు నా పాఠం వింటానని వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. ఆ రోజు నేను తొమ్మిదో తరగతికి ఏటా ఒకసారి చెప్పే పాఠం చెప్తున్నాను. బోర్డు మీద 142857 అని రాసి, రెండు నుంచి ఆరు దాకా వరసగా గుణింపజేసి, ఆపేశాను. బయటికి వచ్చాక ఆమె అడిగింది.

“సార్, అసలు మజా అంత ఏడుతోనే గదా. అదెందుకు చెప్పలేదు?”

“టైమైపోయిందమ్మా” అన్నాను. గంట కొట్టడానికి ఇంకా పది నిమిషాలు ఉంది. అది ఆమెకూ తెలుసు. పెద్దవాణ్ని కదా అని ఊరుకుంది.

ఇప్పుడు రిటైరై జనగామలో ఉంటున్నాను. ఆమెకు ఇవ్వాల్సిన జవాబు ఇది. ప్రమోషన్లు, బదిలీలు, సర్వీసు రిజిస్టరు గొడవలు ఇందులో ఉండవు. అవి స్టాఫ్ రూములో ఎవరిని కదిలించినా చెప్తారు.

బచ్చన్నపేటలో చీవాట్లు

నా మొదటి పోస్టింగు బచ్చన్నపేట. పత్తి ఏరే కాలంలో సగం తరగతి చేలల్లోనే ఉండేది. అక్కడ నరహరి సార్ అని హెడ్‌మాస్టరు. నోరు పెద్దది, మనసు మంచిది. ఒకరోజు నేను దిద్దిన పేపర్ల కట్ట తెప్పించుకుని తిరగేశాడు. పైన పదహారు, కింద అరవై నాలుగు ఉన్న భిన్నాన్ని కుదించమంటే, ఒక పిల్లవాడు పైనున్న ఆరునూ కిందున్న ఆరునూ కొట్టేసి నాలుగో వంతు అని రాశాడు. జవాబు సరైనదే. నేను నిండు మార్కులు వేశాను.

“జవాబు గలిసిందని మార్కులేస్తివా?” అన్నాడు నరహరి సార్.

“గలిసింది గద సార్.”

“గలిసింది. రేపు ఇరవై ఆరు కింద పెట్టి పన్నెండు పైనిస్తే రెండుకు రెండు కొట్టేస్తడు. అప్పుడు వాని వీపు వలగ్గొడ్తవు. గలిసినంత మాత్రాన లెక్క గాదు తమ్మీ. కలవడం వేరు, కారణం వేరు.”

ఆ చివరి మాట నాకు తారకమంత్రం అయింది. దిష్టి, దయ్యం, ముహూర్తం, పిల్లి ఎదురు రావడం, ఎవరేమన్నా ఆ మాటే తీసి కొట్టేవాణ్ని. మాట నిజమైనదే. కానీ నిజమైన మాట చేతిలో ఉంది కదా అని కర్రలా తిప్పుకుంటూ పోతే ఎవరి తలకు తగులుతుందో చూసుకోం. నరహరి సార్ ఆ మాట నా తప్పు దిద్దడానికి వాడాడు. నేను ఎదుటివాళ్ల నోరు మూయించడానికి వాడాను. ఆ తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ సంఖ్య గురించి

లెక్కలు రానివాళ్లు కూడా ఇక్కడ కాసేపు ఓపిక పట్టండి. కష్టమేమీ లేదు.

ఒకటిని ఏడుతో భాగించండి. ఒకటిలో ఏడు పోదు. సున్నా చేర్చి పది చేస్తే ఒకసారి పోతుంది, మూడు మిగులుతుంది. ముప్పైలో నాలుగుసార్లు పోతుంది, రెండు మిగులు. ఇరవైలో రెండుసార్లు, ఆరు మిగులు. అరవైలో ఎనిమిది, నాలుగు మిగులు. నలభైలో అయిదు, అయిదు మిగులు. యాభైలో ఏడు, ఒకటి మిగులు. మనం మొదలుపెట్టిందే ఒకటి దగ్గర. అంటే మళ్లీ అదే దారిలో పడ్డాం. ఎంతకాలం భాగించినా ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, అయిదు, ఏడు, ఈ ఆరు అంకెలే అదే వరసలో తిరుగుతాయి. ఎప్పటికీ తెగదు.

ఆ ఆరింటినీ ఒక్క సంఖ్యగా రాస్తే లక్షా నలభై రెండు వేల ఎనిమిది వందల యాభై ఏడు. దాన్ని గుణించి చూడండి.

రెండుతో 285714
మూడుతో 428571
నాలుగుతో 571428
అయిదుతో 714285
ఆరుతో 857142

అవే ఆరు అంకెలు. కొత్తది రాదు, ఉన్నది పోదు. ఎవరి పక్కన ఎవరుండాలో ఆ వరస కూడా చెడదు. మొదలయ్యే చోటు మాత్రమే మారుతుంది. వర్గం చేస్తే 20408122449 వస్తుంది. దాన్ని 20408, 122449 అని రెండు ముక్కలు చేసి కూడితే మళ్లీ 142857. ఎటు తిప్పి పంపినా ఇంటికే వచ్చేస్తుంది.

ఇందులో మాయ లేదు. ఏడుతో భాగిస్తే మిగిలేవి ఒకటి నుంచి ఆరు దాకానే ఉండగలవు. ఒకటిని భాగించుకుంటూ పోతే ఆ ఆరూ ఒక్కటి కూడా తప్పకుండా వస్తాయి. అందుకే ఈ తిరుగుడు. పదిహేడుకూ ఈ గుణం ఉంది. దానిది పదహారు అంకెల వరస, ముందు సున్నాతో కలిపి 0588235294117647. కారణం ఇంత శుభ్రంగా తెలిసినా, ఖాళీ తరగతిలో ఒక్కణ్నే కూర్చుని ఈ గుణకారాలు చేస్తే నాకు ఇప్పటికీ వీపు మీద చలి పాకినట్టుంటుంది. తలుపు తీసిన ప్రతిసారీ లోపల అదే ఆరుగురు, చోట్లు మారి కూర్చుని, మన వైపు చూస్తున్నట్టుంటుంది.

సరోజన

గార్లలో పనిచేసిన రోజుల్లో తొమ్మిదో తరగతిలో సరోజన అని ఒక అమ్మాయి ఉండేది. ఎక్కాలు అందరూ కలిసి అరిచేటప్పుడు ఏడో ఎక్కం రాగానే ఆ పిల్ల పెదవులు మూసుకునేది. ఇది కనిపెట్టడానికి నాకు అయిదు నెలలు పట్టింది. అందరూ కలిసి అరిచే పద్ధతిలో ఉన్న గొప్ప లోపం ఇదే, ఎవరు మూగగా ఉన్నారో మాస్టరుకు తెలియదు.

ఒకరోజు గంట కొట్టాక ఆపి అడిగాను.

“ఏంది సరోజనా, నీకు ఏడో ఎక్కం రాదా?”

“వస్తది సార్. నోటితోని అనను. మా ఇంట్ల అనరు.”

వాళ్ల తాత ఎల్లయ్య కల్లంలో గింజలు కొలిచేవాడు. మార్కెట్లో కాంటాలు వచ్చినా, కూలి గింజలకూ ఇంటి గింజలకూ ఊళ్లో ఆయన కుంచమే నడిచేది. కొలిచేవాళ్లు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. తర్వాత రెండు, మూడు అని పోయి, ఆరు అయ్యాక వచ్చేదాన్ని పేరు పెట్టి పిలవరు. ఆరున్నొకటి అంటారు. ఆ వెనక ఎనిమిది. చాలా ఊళ్లలో ఉన్న అలవాటే, మన తాతలందరూ అలాగే కొలిచారు. ఎల్లయ్య ఇంట్లో మాత్రం ఏడు అన్న మాట కల్లంలోనే కాదు, పొయ్యి దగ్గర కూడా అనరు. అంటే ఇంట్లో మనుషులు నిలవరని వాళ్ల నమ్మకం.

ఆ ఏడాది నేను 142857 పాఠం చెప్పినప్పుడు తరగతంతా కాసేపు ఆశ్చర్యపోయి మర్చిపోయింది. సరోజన మర్చిపోలేదు. వారం తర్వాత నోటుబుక్కు తెచ్చి చూపించింది. ప్రతి అంకె కింద ఒక మనిషి పేరు రాసి ఉంది.

“మేము గుండ్రంగ కూసోని తింటం సార్. ఒకటి తమ్ముడు. నాలుగు అమ్మ. రెండు బాపు. ఎనిమిది అవ్వ. అయిదు నేను. నా పక్కన తాత, గీ ఆఖరుది. తాత పక్కన మళ్ల తమ్ముడు. ఎట్ల తిప్పినా ఎవలి పక్కన ఎవలో గట్లనే ఉంటది.”

ఇంత అందమైన వివరణ నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. మెచ్చుకుని ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

“మరి ఏడుతోని చేసి చూసినవా?”

పిల్ల నోటుబుక్కు మూసింది. “మనసుల చేసిన సార్. రాయలే.”

“ఏమొచ్చింది?”

“అందరు ఒక్క తీరుగ అయితరు సార్. ఎవలెవలో గుర్తువట్టరాదు.”

నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది, సిగ్గుగా ఉంటుంది.

తనిఖీ

జిల్లా నుంచి తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. సరోజనతో ఈ సంఖ్య చెప్పించాలని నిర్ణయించుకున్నాను. పిల్ల పేరు బయటికి వస్తుందని పైకి అన్నాను. నా పేరు బయటికి రావాలన్నది అసలు సంగతి. గార్ల హెడ్‌మాస్టరు మెత్తటి మనిషి, ఆయన్ని నేను పిరికివాడి కింద జమకట్టేవాణ్ని. “ఆ పిల్లను నిలబెట్టకు, వాళ్ల తాత బాధపడతడు” అని ఆయన రెండుసార్లు అన్నాడు. నేను వినలేదు.

సరోజన ఇంట్లో చెప్పినట్టుంది. తనిఖీకి రెండు రోజుల ముందు ఎల్లయ్య స్వయంగా బడికి వచ్చాడు. భుజం మీద తుండుగుడ్డ, ఎండకు మాడిన సన్నటి మనిషి. వరండాలో చెప్పులు విడిచి నిలబడ్డాడు.

“సారూ, లెక్కలు జెప్పు. వద్దన. అది మంచిగ సదువుతున్నదంటే నాకు సంబురమే. గా ఒక్క మాట మాత్రం దానితోని అనిపియ్యకు.”

“తాతా, మాటంటే ఏమైతది? కలవడం వేరు, కారణం వేరు” అన్నాను.

“గదంత నాకు తెల్వదు సారు. నలభై ఏండ్లు కొలిచిన. ఎవలింట్ల గింజ తేడా రాలే. గందుకన్న నా మాట జర యాదివెట్టుకో.”

సరే అన్నాను. సరే అంటే చేస్తానని కాదు, ఇక పో అని. పెద్దమనుషుల దగ్గర మనం నేర్చే చెడ్డ భాష ఇది.

తనిఖీ రోజు సరోజన బోర్డు ముందు నిలబడి, కాగితం చూడకుండా, పెదవి మెదపకుండా, ఆరు దాకా గుణించి రాసింది. వచ్చిన అధికారి కుర్చీలో ముందుకు జరిగాడు. “బాగుందమ్మా. ఏడుతో?” అన్నాడు. ఆయన తప్పేం లేదు, లెక్కలు తెలిసిన ఎవరైనా అడిగే ప్రశ్నే. పిల్ల చాక్‌పీసు కింద పెట్టి నా వైపు చూసింది. వద్దని చెప్పమన్నట్టు చూసింది.

“చెయ్యి. చేసినంకనే కూసుంటవు. నోటితోని చెప్పుకుంట చెయ్యి” అన్నాను.

చేసింది. “ఏడేళ్లు నలభై తొమ్మిది. తొమ్మిది వేసి నాలుగు పైకి.” కుడి నుంచి మొదటి తొమ్మిది పడింది. “ఏడైదులు ముప్పై అయిదు, నాలుగు ముప్పై తొమ్మిది.” రెండో తొమ్మిది. “ఏడెనిమిదులు యాభై ఆరు, మూడు యాభై తొమ్మిది.” ఒక్కో అంకె చెరిగిపోయి దాని చోట తొమ్మిది వచ్చి కూర్చుంటోంది. ఆ సంఖ్యలో అంతవరకు తొమ్మిది అన్న అంకే లేదు. పిల్ల గొంతు ప్రతి అడుగుకూ సన్నబడుతోంది, చెయ్యి మాత్రం గట్టిగా నొక్కుతోంది. చివరికి బోర్డు మీద 999999 నిలిచింది. అధికారి చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను.

మర్నాడు బోర్డు మీద ఆ ఆరు తొమ్మిదులు అలాగే ఉన్నాయి. అటెండరు యాకూబ్‌ను కేకేశాను. “తుడిచిన సార్, తడిబట్టతోని గూడ తుడిచిన. ఎండంగనే మళ్ల కనవడుతున్నయి” అన్నాడు. దగ్గరికెళ్లి వేలితో తడిమాను. పిల్ల ఎంత గట్టిగా నొక్కి రాసిందంటే నల్లరంగు లేచి చెక్కలో గీతలు పడ్డాయి. కారణం దొరికింది. అయినా ఆ గదిలో పాఠం చెప్తున్నప్పుడు నేను బోర్డుకు వీపు పెట్టి నిలబడలేకపోయాను.

“ఒక్కరేనా?”

నాలుగో రోజు సరోజన బడికి రాలేదు. వాళ్ల తాతకు బాగాలేదని పిల్లలు చెప్పారు. మధ్యాహ్నం నేను వాళ్లింటికి వెళ్లాను.

వాకిట్లో అందరూ కూర్చుని ఉన్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. ఎల్లయ్య మంచం మీద కూర్చుని ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తున్నాడు. భార్య లచ్చవ్వను చూశాడు, కొడుకును చూశాడు, కోడలిని చూశాడు, సరోజనను చూశాడు, చిన్న పిల్లవాణ్ని చూశాడు. మళ్లీ మొదటికి వచ్చాడు. తర్వాత నన్ను చూసి, తెలియని మనిషిని అడిగినట్టు నెమ్మదిగా అడిగాడు.

“అయ్యా, గీళ్లందరు ఒక్కరేనా? ఒక్క మనిషే ఇన్ని చోట్ల కూసున్నట్టున్నది నాకు.”

అందరు ఒక్క తీరుగ అయితరు అని పిల్ల నాతో ఒక్కడితోనే అన్నది. తాతకు తెలిసే వీలు లేదు. సరోజన గోడకు ఆనుకుని నా వైపు చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. నీకు ముందే చెప్పాను కదా సార్ అన్నట్టుంది.

మానుకోట దవాఖానకు నేనే వెంట తీసుకెళ్లాను. మెదడులో ఒక సన్నటి నరంలో రక్తం గడ్డకట్టిందని డాక్టరు చెప్పాడు. ముఖాలు పోల్చుకునే చోటు దెబ్బతిన్నది, కొద్దిగా లెక్క కూడా తప్పుతుంది, గొంతు మాత్రం గుర్తుపడతాడు అన్నాడు. బీపీ ఎన్నాళ్ల నుంచో ఉండి ఉంటుందన్నాడు. నిజమే, కారణం దొరికింది. బోర్డు మీద గీతలకు దొరికినట్టే.

ఇంట్లోవాళ్లు తొందరగానే అలవాటుపడ్డారు. లోపలికి వచ్చేవాళ్లు ఏదో ఒకటి మాట్లాడుతూ వచ్చేవాళ్లు. “నేనే బాపూ, ఎద్దులను కట్టేసి వచ్చిన” అనగానే ఎల్లయ్య ముఖం విప్పారేది. “నువ్వా కొడుకా, రా” అనేవాడు. అట్లా అందరూ ఒకరొకరుగా ఆయనకు తిరిగి దొరికారు, సరోజన తప్ప.

ఎందుకంటే సరోజన మాట్లాడటం మానేసింది. తాత ఎవరినీ పోల్చలేకపోయిన ఆ పొద్దుటి నుంచి నోరు తెరవలేదు. తన నోటితోనే ఇది జరిగిందని ఆ పిల్ల నమ్మకం. ఇంకోమాట అంటే మిగిలింది కూడా పోతుందని భయం. మాట్లాడకపోతే తాతకు ఆమె ఎవరో తెలియదు. రోజూ ఎదురుగా గోడవారన కూర్చునే పిల్లను చూసి ఆయన లచ్చవ్వను అడిగేవాడు.

“ఆ పిల్లెవలే? పొద్దుగూకినా ఇంటికి వోదు. వాళ్లోళ్లు ఎదురుచూడరా?”

“మన సరోజననే” అని లచ్చవ్వ చెప్పేది.

“సరోజన గొంతు నాకెర్కలేదా? మన సరోజన ఏదన్న ఊరికి వోయిందా?”

సరోజన వినేది. లేచి లోపలికి పోయేది. కాసేపయ్యాక మళ్లీ వచ్చి అదే చోట కూర్చునేది.

నేను చేసిన వైద్యం

నా తప్పు సరిదిద్దుకోవాలని వారానికి రెండుసార్లు వెళ్లేవాణ్ని. మొదట ఉపన్యాసం ఇచ్చాను, సంఖ్య మనిషిని ఏమీ చేయదని. పిల్ల తల దించుకుని వింది. తర్వాత డాక్టరు రాసిన కాగితం చదివి వినిపించాను. అదీ వింది. ఆ రెండూ పనిచేయకపోయేసరికి నా తెలివి అంతా వాడి మూడోది చేశాను. అదే అన్నిటికన్నా చెడ్డది.

“ఏడుతోని ఆగిపోయినవు గాబట్టి భయం. ఎనిమిదితోని చెయ్యి. అందరు మళ్ల వస్తరు” అన్నాను. వస్తారని నాకు తెలుసు. ఏళ్ల తరబడి చెప్తున్న పాఠం.

పిల్ల నోటుబుక్కు తీసింది. కళ్లల్లో ఆశ కనిపించింది, అది చూసి నాకూ ధైర్యం వచ్చింది. గుణించి రాసింది: 1142856. రాసి, ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టుకుంటూ పోయింది. తమ్ముడు ఉన్నాడు. అమ్మ, బాపు, అవ్వ, తను, అందరూ తమ వరసలో ఉన్నారు. చివర తాత ఉండాల్సిన చోట ఏడు లేదు, ఆరు ఉంది. తగ్గిన ఒకటి పోయి ఆ కొసన అందరికన్నా ముందు పడి ఉంది.

అందరూ వచ్చారు. తాత మాత్రం ఆరు ఇక్కడ, ఒకటి అక్కడ, రెండు ముక్కలై వచ్చాడు.

ఇది నాకు తెలియని సంగతి కాదు. ముందున్న ఒకటిని తెచ్చి చివరి ఆరుకు కలిపితే సంఖ్య మళ్లీ నిండుతుంది అని తరగతిలో గబగబా చెప్పి దాటించేవాణ్ని. ఆ ఒకటి ఎవరిదో ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడూ అదే అన్నాను. “గా ఒకటిని తెచ్చి దీనికి కలుపు, అయిపాయె.”

సరోజన పెన్సిలు తీసుకుని కింద రాసింది: ‘ఎవలు కలపాలె సార్?’

అవతల మంచం మీద ఎల్లయ్య ఆరేడు మాటలు సరిగ్గా మాట్లాడి, మధ్యలో ఒకటి ఎక్కడో జారవిడిచి వెతుక్కుంటున్నాడు. భయాన్ని లెక్కతో కొడదామని పోయి, ఆ భయానికి నేనే లెక్క నేర్పి వచ్చాను. కొత్త మాస్టర్లకు నేను గట్టిగా చెప్పగలిగింది ఇదొక్కటే. పిల్ల భయపడుతున్నప్పుడు ఆ భయం తప్పని నిరూపించే పని పెట్టుకోకండి. మీ తప్పుంటే ముందు అది ఒప్పుకోండి. నేను అప్పటిదాకా ఒప్పుకోలేదు. ఇన్నిసార్లు వెళ్లాను, ఒక్కసారి కూడా ‘నేను నీతో అలా చేయించి ఉండకూడదు’ అని అనలేదు.

కుంచం

ఆ మాట అనడానికే ఇంకోరోజు వెళ్లాను. పగటిపూట, రెండు కావస్తోంది. వాళ్ల సొంత వడ్లు వాకిట్లో రాశి పోసి ఉన్నాయి. కోడలు గోనెసంచి తెరిచి పట్టుకుంది. లచ్చవ్వ కుంచం తెచ్చి భర్త చేతికి ఇచ్చింది.

“చెయ్యి మరువదు సారు. కొలిస్తే జర మనసు నిలుస్తదేమోనని” అంది నాతో.

నేను సరోజన దగ్గర కూర్చున్నాను. గోడవారన ఎప్పుడూ కూర్చునే చోటే. “బిడ్డా, ఆ రోజు నీతోని చేయించుడు నాదే తప్పు. మీ తాత చెప్పిండు, మీ హెడ్‌మాస్టర్ చెప్పిండు. నేను వినలే. నువ్వు తప్పు చేయలే” అన్నాను. చెప్పడానికి ఇంతే ఉంది, నెల రోజులు పట్టింది. పిల్ల నన్ను చూడలేదు. తాత చేతులనే చూస్తోంది.

ఎల్లయ్య కుంచం నింపి, పైన అరచేత్తో సమం చేసి, సంచిలో పోశాడు. “లాభం” అన్నాడు. గొంతు పాతరోజుల్లో ఉన్నంత గట్టిగా ఉంది. “రెండు. మూడు. నాలుగు. అయిదు.” వాకిట్లో ఉన్నవాళ్లందరి ముఖాలూ తేటపడ్డాయి. “ఆరు.”

మళ్లీ నింపాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగింది. తర్వాత ఏమనాలో రాలేదు.

“ఆరున్నొకటి” అందించింది లచ్చవ్వ.

“ఆరు అంటిగదనే.” కుంచం కిందికి దించాడు. “ఆరు. ఒకటి. మళ్ల ఒకటేందే? ఒకటి ఎప్పుడో అయిపాయె. ఆరు.”

“ఆరున్నొకటి బాపూ” అన్నాడు కొడుకు.

“ఆరు. ఒకటి. ఆరు.” కుంచంలోని వడ్లు తిరిగి రాశిలోనే పోశాడు. మళ్లీ నింపాడు. “ఆరు” అన్నాడు. మళ్లీ పోశాడు. ఎంతసేపు అలా చేశాడో నాకు తెలియదు. అదే కుంచం, అదే మాట. నలభై ఏళ్లు కొలిచిన మనిషి ఆ రాశి ముందు దారి తప్పిన పిల్లవాడిలా నిలబడి ఒక్కొక్కరి ముఖం వెతుకుతున్నాడు, ఏ ముఖమూ ఆయనకు పనికిరావడం లేదు. లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయనకు కావలసింది ఒక్క మాట. అది ఆ ఇంట్లో ఎవరూ అనరు. అనేవాణ్ని నేనొక్కణ్నే ఉన్నాను, నేనూ అనలేదు.

నా పక్కన చోటు ఖాళీ అయింది. సరోజన లేచి వెళ్లి తాత మణికట్టు పట్టుకుని, కుంచాన్ని సంచి మీదికి తెచ్చింది.

“ఏడు, తాతా.”

నెల రోజులు వాడని గొంతు, గీరుకుపోయి ఉంది. వడ్లు జలజలా సంచిలో పడ్డాయి. ఎల్లయ్య గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. పిల్ల ముఖాన్ని చూడలేదు, చెవి ఒగ్గాడు.

“సరోజనా? ఎప్పుడొస్తివి బిడ్డా?”

“గిప్పుడే తాతా.”

ఆయన ఆమె తల నిమిరాడు, తడి కళ్లతో నవ్వాడు. అందరం ఏడ్చాం, నాకు చెప్పుకోవడానికి సిగ్గు లేదు. ఆయన మళ్లీ కుంచం అందుకున్నాడు. “ఎనిమిది” అన్నాడు. తొమ్మిది, పది అంటూ పోయాడు, ఎక్కడా తప్పలేదు. రాశి అయిపోయేదాకా సరోజన పక్కనే నిలబడి ప్రతి కుంచానికీ తాతతో కలిసి పైకి లెక్కపెట్టింది.

సంచి మూతి కట్టాక ఎల్లయ్య చేతులు దులుపుకుని మంచం మీద కూర్చున్నాడు. నీళ్లు తాగాడు. తర్వాత నేను కూర్చున్న గోడ వైపు, నా పక్కన ఖాళీగా ఉన్న చోటు వైపు చాలాసేపు చూశాడు.

“లచ్చవ్వా, ఇన్నొద్దులు గాడ కూసున్న పిల్ల ఏదే? అన్నం తినకుండనే వోయిందా?”

సరోజన తాత పక్కన కూర్చుని, ఆయన చేతిని పట్టుకుని, ఆ చోటునే చూస్తూ ఉంది. నేను గోడ దగ్గరి నుంచి లేచాను.